లార్జ్ ఫార్మాట్ ప్రకృతిదృశ్య ఛాయాచిత్రణ: ప్రదర్శన, విమర్శ (ఉత్తర తెలంగాణ)

లార్జ్ ఫార్మాట్ ప్రకృతిదృశ్య ఛాయాచిత్రణ అంటే 4×5 అంగుళాలు, అంతకు మించిన షీట్ ఫిల్మ్ మీదగానీ గాజు పలక మీదగానీ భూదృశ్యాలను చిత్రించే పద్ధతి. అలా తీసిన చిత్రాన్ని నెగెటివ్‌గా, ప్రింట్‌గా ఇతరుల ముందుంచి, దాని గుణదోషాలను చర్చించడం ఈ పద్ధతిలో మొదటినుంచీ భాగమే. ఈ వ్యాసం ఆ చర్చా సంప్రదాయాన్ని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేలను దృష్టిలో పెట్టుకుని వివరిస్తుంది. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజన తర్వాత ఈ ప్రాంతం ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉంది.

నిర్వచనం, పరిమాణాలు

సాధారణ 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌లో ఒక చట్రం 36×24 మిల్లీమీటర్లు. 4×5 అంగుళాల షీట్ వైశాల్యం దానికి సుమారు 13 నుంచి 15 రెట్లు, 8×10 షీట్‌ది దాదాపు 60 రెట్లు. 16×20 అంగుళాల ప్రింట్ కావాలంటే 4×5 నెగెటివ్‌ను నాలుగింతలు పెంచితే చాలు. చిన్న ఫిల్మ్‌ను 17 రెట్లు పెంచాలి. అందుకే పెద్ద ప్రింట్‌లోనూ రాతి పగులు, ఆకు ఈనె, దూరపు చెట్ల కొమ్మలు విడివిడిగా నిలుస్తాయి. 5×7, హాఫ్ ప్లేటు (4¾×6½ అంగుళాలు), ఫుల్ ప్లేటు (6½×8½) పరిమాణాలు కూడా ఈ కోవలోనివే.

ఈ హాఫ్ ప్లేటు, ఫుల్ ప్లేటు మాటలు తెలుగు నేల మీద ప్రకృతిదృశ్యాలతో కాక స్టూడియోలతో ముడిపడి ఉన్నాయి. చెక్క కెమెరా, దాని వెనక నల్లగుడ్డ, ముందు కదలకుండా కూర్చున్న కుటుంబం: లార్జ్ ఫార్మాట్ చాలామందికి పరిచయమైంది ఈ రూపంలోనే. కేరళలోని ఆలప్పుళలో తయారైన వాగీశ్వరి కెమెరా ఇలాంటి దేశీయ చెక్క కెమెరాలలో పేరున్నది. స్టూడియో వారికి నెగెటివ్ మీద పెన్సిల్‌తో మెరుగులు దిద్దడం, ఫిల్మ్ కడగడం, ప్రింట్ ఆరబెట్టడం రోజువారీ పనులు. ప్రకృతిదృశ్య విమర్శకు అవసరమైన చేతిపని పరిజ్ఞానమంతా ఆ చీకటిగదుల్లోనే ఉండేది. కెమెరా బయటికి వెళ్లడమే అరుదు.

చరిత్ర

చాలాకాలం ఈ ప్రాంతపు పెద్ద పలకల చిత్రణ రాజాశ్రయంలో, ప్రభుత్వ శాఖల్లో సాగింది. కళాసంఘాల ప్రభావం తర్వాత వచ్చింది.

మొదటి ముఖ్యమైన పేరు రాజా దీన్‌దయాళ్. మీరట్ సమీపంలోని సర్ధనాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇందౌర్‌లో ప్రజాపనుల శాఖలో చేరాడు. 1870ల మధ్యలో ఛాయాచిత్రణ చేపట్టాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1905లో మరణించాడు. నిజాం రాజ్యపు దృశ్యాలతో ఆయన స్టూడియో రూపొందించిన ఆల్బములు ఆనాటి ప్రదర్శన పద్ధతికి మంచి నమూనా. గాజు నెగెటివ్ నుంచి తీసిన ప్రింట్లను అట్టకు అతికించి, తోలు అట్టలతో జిల్దు కట్టి, కానుకగా ఇచ్చేవారు. వాటిని చూసి వ్యాఖ్యానించే హక్కు కానుక అందుకున్న దొరకే ఉండేది. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి.

బహిరంగ విమర్శ మొదలైంది సంఘాలలో. లండన్‌లో 1853లో ఏర్పడిన సంస్థే తర్వాత రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ అయింది. ఒకటి నుంచి మూడేళ్ల తేడాతో బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లోనూ ఫోటోగ్రాఫిక్ సొసైటీలు వెలిశాయి. సభ్యులు ప్రింట్లు తెచ్చి బల్ల మీద పరిచేవారు. రసాయనాల పాళ్లు, ఎక్స్‌పోజర్ సమయాలు, దృశ్యాన్ని ఎంచుకున్న తీరు చర్చకు వచ్చేవి. 1863 నుంచి 1870 వరకు భారతదేశంలో పనిచేసిన శామ్యూల్ బోర్న్ తన హిమాలయ యాత్రల అనుభవాలను బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఫోటోగ్రఫీలో రాసేవాడు. ఆయన మెచ్చింది కొండలనూ సరస్సులనూ. భారతదేశపు మైదానాలు ఆయన కంటికి ఆనలేదు. ఇంగ్లండు తోటల, చెరువుల అందంతో పోల్చి చూసే ఆ కొలమానం చాలాకాలం ఇక్కడి సంఘాలలోనూ నిలిచింది. గుండ్రాళ్ల గుట్టలు, నల్లరేగడి బీళ్లు, ఎండిన వాగులు అందులో చోటు దక్కించుకోలేకపోయాయి.

నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖను స్థాపించింది. గులాం యజ్దానీ దానికి తొలి అధిపతి. ఆయన పాలంపేట దేవాలయాలపై రాసిన గ్రంథం 1922లో వెలువడింది. రామప్ప గుడిగా ప్రసిద్ధమైన ఆ ఆలయం పూర్వపు కరీంనగర్ జిల్లాకు పొరుగునే, నేటి ములుగు జిల్లాలో ఉంది. పురావస్తు చిత్రాలకు వేరే కొలమానం ఉండేది. స్తంభాలు నిటారుగా ఉండాలి, నీడలు శిల్పాన్ని కప్పకూడదు, కొలత తెలియాలి. భావావేశానికి అందులో చోటు లేదు. అయినా వివరం దాచకుండా చూపాలన్న ఆ క్రమశిక్షణ లార్జ్ ఫార్మాట్ విమర్శకు పునాదుల్లో ఒకటి.

1940ల్లో మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండులు, కొలాముల మధ్య పనిచేశాడు. మార్లవాయి గ్రామం ఆయన నివాసకేంద్రం. రాజ్‌గోండులపై ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన ఛాయాచిత్రాలు లండన్‌లోని సోయస్ సంస్థలో ఉన్నాయి. వాటిలో అడవి, చేను, కొండవాలు మనిషి బతుకుకు ఆవరణగా కనిపిస్తాయి. ప్రకృతిదృశ్యం అంటే మనిషి లేని చోటు అన్న పాశ్చాత్య భావనకు ఇది గట్టి ప్రత్యామ్నాయం.

స్వాతంత్ర్యానంతరం సలోన్ (పోటీ ప్రదర్శనల) సంస్కృతి బలపడింది. ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ 1953లో ఏర్పడింది. హైదరాబాద్‌లో రాజా త్రయంబక్‌రాజ్ బహదూర్ మృదుత్వానికి, భావానికి ప్రాధాన్యమిచ్చే పిక్టోరియల్ శైలికి పెద్దదిక్కు. ఆయన వద్ద పనిచేసిన బండి రాజన్ బాబు కరీంనగర్ జిల్లా కోరుట్లలో 1939లో పుట్టాడు, 2011లో మరణించాడు. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ పొందాడు. గిరిజన జీవితం, నగ్నచిత్రాలు, ప్రకృతిదృశ్యాలు ఆయన ఇష్టవిషయాలు. హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ బడి నడిపాడు. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన ఒక చిత్రకారుడు సలోన్ విమర్శలో నలిగి, తిరిగి అదే విమర్శను శిష్యులకు నేర్పిన తీరుకు ఆయన జీవితం ఉదాహరణ.

కెమెరా, ఫిల్మ్: పనిచేసే తీరు

వ్యూ కెమెరాకు ముందు కటకం, వెనక గరుకు గాజు, మధ్యలో మడతల బెల్లోస్ ఉంటాయి. దృశ్యం గాజు మీద తలకిందులుగా పడుతుంది. చిత్రకారుడు నల్లగుడ్డ కప్పుకుని దాన్ని చూస్తాడు. తలకిందులైన బొమ్మలో గుట్ట గుట్టగా కాక ఒక ఆకారంగా, ఆకాశం ఒక వెలుగు ముక్కగా కనిపిస్తాయి. కూర్పు లోపాలు బయటపడటానికి ఇది సాయపడుతుంది. ఆ అర్థంలో మొదటి విమర్శ నల్లగుడ్డ కిందే జరుగుతుంది.

కటకాన్ని పైకెత్తడం, పక్కకు జరపడం, ముందుకు వంచడం ఈ కెమెరా ప్రత్యేకత. కటకాన్ని పైకెత్తితే కెమెరా వంచకుండానే ధర్మపురి గోపురం నిటారుగా పడుతుంది. ముందుకు వంచితే పదును తలం కూడా వాలుతుంది. ఆస్ట్రియా సైనికాధికారి షైమ్‌ఫ్లగ్ పేరుతో ఈ సూత్రం ప్రసిద్ధం. 150 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/22 దగ్గర 10 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, దాదాపు 5 మీటర్ల నుంచి అనంతం వరకు పదును దక్కుతుంది. కడెం వాగులో కాళ్ల దగ్గరి బండ కూడా స్పష్టంగా కావాలంటే ఆ లెక్క చాలదు, కటకం వంచక తప్పదు. వంచితే ఒడ్డున నిటారుగా నిలిచిన చెట్టు పైకొమ్మలు మసకబారే ప్రమాదం ఉంది. పదును చర్చలో మొదట అడిగే ప్రశ్న ఇదే: మసక ఎక్కడ ఉంది, అది తెలిసి వదిలిందా, తెలియక వచ్చిందా?

ఫిల్మ్‌ను చీకట్లో రెండువైపుల హోల్డర్‌లో ఒక్కో షీటుగా ఎక్కిస్తారు. ఉదకమండలంలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడి ఇందు పేరుతో ఫిల్మ్, కాగితం అమ్మేది. అది మూతపడ్డాక షీట్ ఫిల్మ్‌కు దిగుమతే దిక్కైంది. కొందరు ఎక్స్‌రే ఫిల్మ్‌ను కోసి వాడతారు. అది చౌక, కానీ ఎరుపును చూడలేదు.

ఫిల్మ్ కడిగే డెవలపర్‌కు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. రామగుండంలో ఎండాకాలం పగలు 45 డిగ్రీలు దాటుతుంది, కుళాయి నీరే కాగి వస్తుంది. వేడి పెరిగితే కడిగే సమయం తగ్గించాలి. ఐదు నిమిషాలకన్నా తగ్గితే ఆకాశంలో చారలు, మరకలు పడతాయి. అందుకే మంచుగడ్డలు, కుండనీళ్లు ఇక్కడి చీకటిగదికి పరికరాలే. ఆకాశంలో చారలున్న ప్రింట్‌ను కూర్పు చర్చకు ముందే పక్కన పెట్టడం పాత గురువుల అలవాటు.

ఈ నేల వర్ణస్థాయి

నలుపు తెలుపు చిత్రాన్ని విమర్శించేవారు రంగు బూడిద ఛాయగా ఎలా మారిందో తెలుసుకోవాలి. ఉత్తర తెలంగాణలో ఈ విషయం మరీ ముఖ్యం.

తొలినాటి పలకలు నీలానికే స్పందించేవి. ఆకాశం తెల్లగా మాడిపోయేది, ఆకుపచ్చ నల్లబడేది. 19వ శతాబ్దపు చిత్రాల్లో ఆకాశం ఖాళీగా ఉండటానికి కారణం ఇదే తప్ప ఆనాడు మబ్బులు లేక కాదు. కొందరు మబ్బును వేరే నెగెటివ్ నుంచి తెచ్చి అతికేవారు. అన్ని రంగులకూ స్పందించే పాంక్రోమాటిక్ పలకలు 1906 నుంచి మార్కెట్లోకి వచ్చాయి.

మోదుగను తీసుకుందాం. ఫాల్గుణంలో ఆదిలాబాద్ అడవిలో ఆకు రాలిన కొమ్మల నిండా నారింజ ఎరుపు పూలు విచ్చుకుంటాయి. కంటికి నీలాకాశం మీద నిప్పులా కనిపించే ఆ చెట్టు ఫిల్టరు లేకుండా తీస్తే ఆకాశంతో సమానమైన బూడిదరంగులో కలిసిపోతుంది. నారింజ లేదా ఎరుపు ఫిల్టరు పెడితే పువ్వు తెల్లబడి, ఆకాశం నల్లబడుతుంది. ఎరుపును చూడని ఎక్స్‌రే ఫిల్మ్ మీద అదే పువ్వు నల్లని మచ్చ. మూడు ప్రింట్లూ ఒకే చెట్టువి, ఒకే మధ్యాహ్నానివి కావచ్చు. ఏది సరైనదని కాక, చిత్రకారుడు ఏది చెప్పదలచి ఏ ఫిల్టరు ఎంచుకున్నాడన్నదే చర్చించదగిన విషయం.

ఆదిలాబాద్ నల్లరేగడి బసాల్టు రాతినుంచి పుట్టిన నేల. పత్తి విచ్చిన చేలో దాదాపు నలుపు, దాదాపు తెలుపు పక్కపక్కనే ఉంటాయి. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌లు 1940 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతి ఇక్కడ అచ్చంగా పనికొస్తుంది. సున్న నుంచి పది వరకు ఛాయల మెట్లలో రేగడిని మూడో మెట్టులో ఉంచితే నెర్రెలు, గడ్డలు తెలుస్తాయి. పత్తిని ఎనిమిదో మెట్టు దాటనీయకుండా కడిగే సమయం తగ్గిస్తే దూది పోగులు మాడిపోవు. అందుకే ఒక్కో షీటును వేరుగా కడుక్కోగలగడం పెద్ద వెసులుబాటు. చుట్టఫిల్మ్‌లో అన్ని చట్రాలకూ ఒకే శిక్ష.

కరీంనగర్ వైపు నేల గ్రానైట్‌ది. ఎలగందుల కోట ఉన్న గుట్ట, రామగిరి ఖిల్లా, మానేరు ఒడ్డు బండలు మిట్టమధ్యాహ్నం చదునుగా, పేలవంగా పడతాయి. సూర్యోదయం తర్వాత, అస్తమయానికి ముందు ఏటవాలు వెలుగులో రాతి గరుకుతనం లేచి వస్తుంది. కుంటాల జలపాతం సుమారు 45 మీటర్ల ఎత్తునుంచి మెట్లుమెట్లుగా దూకుతుంది. అడవి నీడలో 100 వేగపు ఫిల్మ్‌కు ఎఫ్/32 దగ్గర దాదాపు ఒక సెకను పడుతుంది. అంతసేపట్లో నీరు పాలధారగా మారుతుంది, గాలికి టేకు ఆకులు చెదురుతాయి. ఒక సెకను దాటితే ఫిల్మ్ స్పందన తగ్గి, లెక్కకన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సి వస్తుంది. పాలధార నీరు అలవాటు అలంకారమైపోయిందన్నది సలోన్లలో తరచూ వినిపించే ఆక్షేపణ. నీటి బరువు తెలియాలంటే తక్కువ సమయం ఇవ్వాలని ఒక వర్గం, కెమెరా చూసే కాలం కంటి కాలం కానక్కర్లేదని మరో వర్గం వాదిస్తాయి. కుంటాలలో వానాకాలపు బురదనీటికి మొదటి వాదమే బాగా నప్పుతుంది.

ప్రదర్శన రూపాలు

నెగెటివ్‌ను వెలుగుబల్ల మీద నాలుగు రెట్లు పెంచి చూపే భూతద్దంతో పరిశీలిస్తారు. నీడల్లో వివరం ఉందా, వెలుగుల్లో గట్టిపడిందా, దుమ్ము పడిందా అన్నవి అక్కడే తేలుతాయి. కాంటాక్ట్ ప్రింట్‌ను నెగెటివ్ పరిమాణంలోనే తీస్తారు. దాన్ని చేతిలో పట్టుకుని చూడాలి. పెద్ద ప్రింట్‌ను గోడకు పెట్టి, దాని కర్ణమంత దూరం నుంచి ఒకసారి, దగ్గరగా వెళ్లి మరోసారి చూస్తారు. ఈ రెండో చూపుకు నిలవడమే లార్జ్ ఫార్మాట్ ప్రింట్‌కు పరీక్ష.

స్కానింగ్ వచ్చాక పంచుకోవడం తేలికైంది. 4×5 నెగెటివ్‌ను అంగుళానికి 2,400 చుక్కలతో స్కాన్ చేస్తే 9,600×12,000, అంటే దాదాపు 11.5 కోట్ల చుక్కలు వస్తాయి. ఫోన్‌లో 1,080×1,350 పరిమాణంలో చూసేవారికి అందులో సుమారు ఎనభయ్యో వంతే అందుతుంది. కాబట్టి తెర మీది విమర్శ కూర్పు, వెలుగు, విషయాలకు పరిమితం కావాలి. ప్రింట్ గుణం మీద తీర్పు ప్రింట్ చూశాకే చెప్పాలి.

విమర్శ పద్ధతులు

సలోన్ తీర్పు అంకెల మీద నడుస్తుంది. న్యాయనిర్ణేతలు ఒక్కో చిత్రాన్ని కొన్ని సెకన్లపాటు చూసి మార్కులు వేస్తారు. దూరం నుంచే ఆకట్టుకునే చిత్రం గెలుస్తుంది. నెమ్మదిగా తెరుచుకునే లార్జ్ ఫార్మాట్ చిత్రానికి ఈ పద్ధతి న్యాయం చేయదు. అయితే వందల చిత్రాలను ఒకే గీటురాయి మీద పెట్టగలగడం, మారుమూల పట్టణపు చిత్రకారుడికీ దేశాంతర వేదిక కల్పించడం దాని మేలు. రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ బిరుదులకు ఒంటరి చిత్రం కాక చిత్రాల సమితి సమర్పించాలి. అక్కడ చిత్రాల మధ్య పొందిక కూడా పరీక్షకు వస్తుంది.

పిక్టోరియల్ వర్గం మృదుత్వాన్ని, భావాన్ని కోరింది. 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గ్రూప్ ఎఫ్/64 దాన్ని తిరస్కరించి, అంచు నుంచి అంచు వరకు పదును, కల్తీ లేని ప్రింట్ తమ మార్గమని ప్రకటించింది. హైదరాబాద్ గురుశిష్య పరంపర ఎక్కువగా మొదటి దారిలో నడిచింది. పొగమంచు, ఎద్దుబండి, ఎదురువెలుగు దాని గుర్తులు. ఉట్నూరు వైపు చలికాలపు తెల్లవారుజాములు ఆ శైలికి అనువైనవే. అయితే అదే పొగమంచు వంద ప్రింట్లలో కనిపించినప్పుడు చూపు మొద్దుబారుతుంది.

గురువు ముందు ప్రింట్ పెట్టి మాట పడటం తెలుగు స్టూడియోల సంప్రదాయ పద్ధతి. అక్కడ మాటకన్నా చేయి ఎక్కువ మాట్లాడుతుంది. గురువు రెండు అట్టముక్కలతో అంచులు మూసి చూపుతాడు, ఎక్కడ వెలుగు ఆపాలో వేలితో గీస్తాడు. ఇది సలోన్ అంకెలకన్నా విలువైన విద్య. గురువు చూపే శిష్యుడి చూపై మిగిలిపోయే ముప్పూ ఇందులో ఉంది.

మరో ప్రమాణం నైతికమైనది. ఆదిలాబాద్ కొండలు, వాగులు, చెట్లు చాలావరకు గోండు, కొలాం కుటుంబాలకు దేవతల నెలవులు. కేస్లాపూర్ నాగోబా జాతరకు నీరు తెచ్చే దారి, ఊరి పొలిమేరలోని రాయి వారికి దృశ్యాలు కావు. అలాంటి చోట చిత్రించడానికి ఊరి పటేల్ అనుమతి తీసుకోవడం, ప్రింట్ ఒకటి ఊరికి తెచ్చి ఇవ్వడం విమర్శలో లెక్కలోకి రావాలి. ఆ ప్రింట్ చూసి ఊరివాళ్లు చెప్పే మాట, ఏ చెట్టు పేరు ఏమిటో, ఏ వాగు ఎటు పారేదో, న్యాయనిర్ణేత మాటకు తీసిపోదు.

సంస్థలు, సమకాలీన స్థితి

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ డిగ్రీ బోధిస్తారు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ప్రదర్శనలకు వేదిక. 2015లో మొదలైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ హైదరాబాద్‌లోనే జరుగుతుంది. ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవాన్ని జిల్లా ఫోటోగ్రాఫర్ల సంఘాలు జరుపుకుంటాయి. ఈ సంఘాల సభ్యుల్లో చెక్క కెమెరాతో పనిచేసినవారు, వారి వారసులు ఉన్నారు.

పాత నెగెటివ్‌లకు ఇప్పుడు కొత్త ఉపయోగం ఏర్పడింది. మధ్య మానేరు జలాశయం కింద ఊళ్లు మునిగాయి. రామగుండం, మందమర్రి ప్రాంతాల్లో ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనులు నేల రూపు మార్చాయి. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు గుట్టలను తొలిచాయి. ఒకప్పుడు తీసిన చోటే, అదే ఎత్తులో, అదే నెలలో, అదే గంటకు కెమెరా నిలిపి మళ్లీ తీయడాన్ని పునఃఛాయాచిత్రణ అంటారు. అలాంటి జంట చిత్రాల విమర్శలో అందానికన్నా ముందు నిలుచున్న చోటు కచ్చితత్వం చూస్తారు. ముందువరుస బండకూ వెనక గుట్ట అంచుకూ ఉన్న ఎడం రెండు చిత్రాల్లోనూ ఒకటేనా అన్నది గరుకు గాజు మీద గళ్లు గీసి సరిచూస్తారు. గుట్ట పోయిన చోట మిగిలిన బండను, బండ కూడా పోతే గుడి మెట్టును, బావి గట్టును గుర్తుగా తీసుకుంటారు.